బాపు రిపోర్టులో ‘స్క్వేమస్’ అని కూడా రాశారు, మూత్రసంచి తీయక తప్పదా?

పరకాల_పెద్దోడు:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 61 ఏళ్లు, గీత పని, నిరుడు ఎండాకాలం దాకా పొద్దుమాపు కలిపి పదిహేను తాళ్లు (తాటిచెట్లు) ఎక్కి దిగిన మనిషి. దసరాకు ముందు ఒకసారి మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు, మంట లేదు, రెండు రోజులకు దానంతట అదే ఆగింది. ఎండకు తిరిగి వేడి చేసిందనుకున్నాం, అవ్వ (మా అమ్మ) ధనియాల నీళ్లు, సబ్జా నీళ్లు తాగించింది, అంతటితో మరిచిపోయాం. సంక్రాంతికి మళ్లీ వచ్చింది, ఈసారి గడ్డలు గడ్డలుగా. అప్పుడైనా ఆసుపత్రికి పోదామంటే మేడారం పోయొచ్చినంక చూద్దాం అన్నాడు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు రాత్రి నిద్ర పట్టడం లేదు.

హనుమకొండలో స్కాన్ తీస్తే మూత్రసంచిలో ఎడమ గోడకు మూడున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. మత్తు ఇచ్చి మూత్రం దారిలో నుంచే కెమెరా పోనిచ్చి గడ్డను గీకి తీశారు, ముక్క పరీక్షకు పంపారు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: హై గ్రేడ్ యూరోథీలియల్ కార్సినోమా విత్ స్క్వేమస్ డిఫరెన్షియేషన్, మజిల్ ఇన్వేజన్ ప్రెజెంట్. అంటే క్యాన్సరే, సంచి గోడ కండరంలోకి కూడా దిగిందట. సీటీలో ఇంకెక్కడా పాకినట్టు లేదు, కిడ్నీలు వాయలేదు, ఊపిరితిత్తులు బాగున్నాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్త పరీక్ష) 1.1. బీడీలు మాత్రం నలభై ఏళ్ల నుంచి తాగుతున్నాడు, ఇది తెలిసిన రోజు నుంచి ముట్టలేదు.

గడ్డ తీసిన డాక్టర్ గారు మూత్రసంచి, ప్రోస్టేట్ మొత్తం తీసేసి పొట్టకు బ్యాగు పెట్టాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు. హైదరాబాద్‌లో రేడియేషన్ డాక్టర్‌కు చూపిస్తే సంచిని ఉంచి కీమో, కరెంటు (రేడియేషన్) రెండూ కలిపి ఇవ్వొచ్చు, కానీ మీ నాయనది మామూలు రకం కాదు, అందరం కూర్చుని మాట్లాడాలి అన్నారు. బావ ఆపరేషనే అంటున్నాడు, మేనమామ కరెంటు పెట్టిస్తే మనిషి పాడైపోతాడు అంటున్నాడు. బాపు ఒకటే మాట, "పొట్టకు సంచి కట్టుకున్నంక నడుముకు మోకు ఎట్ల కట్టాలె బిడ్డా." దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ స్క్వేమస్ అనే మాట ఉంటే సంచిని కాపాడే వైద్యం పనికిరాదా? ఇలాంటి వేరే రకాలు వచ్చినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి. దయచేసి ధైర్యం చెప్పడానికని లేనిది చెప్పొద్దు.


జగిత్యాల_అక్క:

తమ్ముడూ, ముందు మా అమ్మ సంగతి చెప్తాను, రకం వేరు కానీ నీకు పనికొస్తుంది.

అమ్మకు అప్పుడు 58. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది, తాగింది మాత్రం ఎప్పుడూ లేదు. మూత్రంలో రక్తం పడితే ఇన్ఫెక్షన్ అని ఐదు నెలలు గోళీలు మార్చి మార్చి ఇచ్చారు, ఒక్కరు కూడా స్కాన్ రాయలేదు. ఆడవాళ్లకు మూత్రంలో రక్తం అంటే ఇన్ఫెక్షన్ అనో, నెలసరి ఆగిపోయే వయసు గదా అనో తీసిపారేస్తారు, ఈ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. చివరికి గడ్డ తీసి ముక్క చూస్తే స్మాల్ సెల్ అని వచ్చింది. ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్ లాంటిదే మూత్రసంచిలో రావడం, వందమందిలో ఒకరికి కూడా ఉండదట.

మేము ఆపరేషన్‌కు డబ్బులు జమచేసుకుని పోయాం. డాక్టర్ గారు కూర్చోబెట్టి, దీనికి ముందు కత్తి కాదమ్మా, ముందు కీమో అన్నారు. ఎందుకంటే ఈ రకం కంటికి, స్కాన్‌కు కనపడకముందే రక్తంలో పడి వేరే చోటికి పోయి కూర్చుంటుందట, సంచి తీసేసినా బయటికి పోయింది అలాగే ఉంటుంది. మెదడుకు కూడా ఎంఆర్ఐ తీశారు. సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ అని రెండు మందులు, మూడు వారాలకు ఒక విడత, ఒక్కో విడత మూడు రోజులు, అలా నాలుగు. రెండో విడతకే వెంట్రుకలు పోయాయి, వాంతుల కంటే ఏ వాసన పడకపోవడం ఎక్కువ బాధ పెట్టింది, అన్నం ఉడుకుతుంటే ఇంట్లో ఉండలేకపోయేది. నాలుగు అయ్యాక కెమెరా పెట్టి చూస్తే గడ్డ ఉన్నచోట మచ్చ మాత్రమే ఉంది. అప్పుడు సంచి తీయడమా, కరెంటు పెట్టడమా అని అడిగితే మేము కరెంటు అన్నాం. దాంతోపాటు కొంచెం కీమో కూడా ఇచ్చారు.

ఇప్పటికి నాలుగేళ్లు. తన మూత్రసంచితోనే తన మూత్రం పోసుకుంటోంది. రాత్రి మూడుసార్లు లేస్తుంది, ఇదివరకు ఒక్కసారే లేచేది. మా వార్డులోనే అదే రకంతో ఉన్న ఇంకొకాయనకు కీమో మధ్యలోనే కాలేయానికి పాకింది, ఆయన లేడు. లేనిది చెప్పొద్దన్నావు కాబట్టి ఇది కూడా రాశాను.

నువ్వు చేయాల్సిన పని ఒకటి. స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు మొదటి ల్యాబ్ నుంచి అడిగి తీసుకో. అవి మనవే, రసీదు రాసి ఇస్తారు. క్యాన్సర్ ముక్కలే రోజూ చూసే పెద్ద చోట ఇంకోసారి చూపించు. మా అమ్మది మొదటి ల్యాబ్‌లో మామూలు రకం అనే రాశారు, స్మాల్ సెల్ అని తేలింది రెండోచోట రంగులు వేసి చూశాకనే. ఆ మొదటి కాగితాన్నే నమ్ముకుని ఉంటే సీదా ఆపరేషన్ బల్ల మీదికి పోయేవాళ్లం.


గోదావరిఖని_రిటైర్డ్:

బాబూ, నీ బాపు వయసుకు నేను కొంచెం పెద్ద. సింగరేణిలో పనిచేసి దిగిన. నాది అచ్చం స్క్వేమస్, అంటే మామూలు రకం కలవకుండా మొత్తం అదే. పన్నెండేళ్లు మూత్రసంచిలో రాయి పెట్టుకుని తిరిగిన, ఏడాదికి రెండుసార్లు ఇన్ఫెక్షన్, ప్రతిసారి గోళీలు మింగి డ్యూటీకి పోయిన. రాయి రాపిడి, వాపు అట్లనే ఏళ్ల తరబడి ఉంటే లోపలి పొర మారిపోయి ఈ రకం వస్తదని తర్వాత తెలిసింది. నేను కూడా సంచి ఉంచమని బతిమాలిన. ఈ రకం మందులకు సరిగ్గా లొంగదు, మీకు తీసేయడమే మంచిది అని ఇద్దరు వేర్వేరు డాక్టర్లు చెప్పారు, ఒప్పుకున్న. 2019లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు మనుమరాలిని బండి మీద బడికి దింపి వస్తున్న.

బ్యాగు గురించి మీ బాపు భయపడుతున్నాడు కదా, దాని గురించి నేను చెప్పాలి. చిన్నపేగు ముక్క ఒకటి తీసి, రెండు కిడ్నీల గొట్టాలు దానికి అతికించి, ఆ ముక్క కొసను బొడ్డుకు కుడిపక్కన బయటికి పెడతారు. ఎర్రగా, తడిగా, చిన్న గులాబీ మొగ్గలాగ ఉంటది, ముట్టుకుంటే నొప్పి ఉండదు. దాని మీద బ్యాగు అతుకుతది. రెండు మూడు గంటలకోసారి కింద బిరడా తిప్పి ఖాళీ చేసుకుంటాం, రాత్రి పెద్ద బ్యాగుకు పైపు తగిలించుకుని పడుకుంటాం, మూడు నాలుగు రోజులకు కొత్తది మారుస్తాం. మొదటి రెండు నెలలు నాకు చుట్టూ చర్మం పుండ్లు పడింది, బ్యాగు రంధ్రం మొగ్గ కంటే పెద్దగా కత్తిరించడం వల్ల మూత్రం చర్మానికి తగిలి అట్లయింది. సరైన కొలతకు కత్తిరించుడు నేర్చుకున్నంక ఆ బాధ పోయింది. వాసన రాదు, పెళ్లిళ్లకు పోత, పంక్తిలో కూర్చుని తింట.

ఒకవేళ ఆపరేషనే అయితే ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఆ మొగ్గ ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందు రోజే పెన్నుతో గుర్తు పెడతారు. మీ బాపును నిలబెట్టి, కూర్చోబెట్టి, ముందుకు వంచి చూడమను. లుంగీ ఎక్కడ కడతాడు, మోకు నడుముకు ఎక్కడ పడతది చూపించమను. నాకు బెల్టు పడే చోటనే పెట్టారు, ఇప్పటికీ ప్యాంటు కిందికి దింపి కట్టుకుంటున్న. చెట్టెక్కుడు సంగతి వేరు. కడుపు కోసినంక బరువు ఎత్తితే, బిగపట్టి ఎక్కితే మొగ్గ పక్కనుంచి పేగు ఉబ్బుతది. తాళ్లు ఎక్కుడు బంద్ అనుకునుడే మంచిది.

ఇంకోటి, సిగ్గుపడి ఎవరూ అడగరు కాబట్టి రాస్తున్న. మగవాళ్లకు ప్రోస్టేట్ కూడా పోతది, దాని పక్క నరాలు పోతే దాంపత్యం మునుపటిలాగ ఉండదు. నాకు ఇది ఆపరేషన్ అయినంక తెలిసింది. ముందే చెప్పి ఉంటే నేనూ మా ఆమె కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. మీ బాపునే కాదు, మీ అవ్వను కూడా కూర్చోబెట్టి చెప్పమను.


హనుమకొండ_రేడియేషన్:

నేను రేడియేషన్ ఆంకాలజిస్టును, మా ఊరు హనుమకొండే, ఇప్పుడు వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నాను. పేషెంట్‌ను చూడకుండా ఇది చేయండి అని చెప్పను. కానీ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా కలిసిపోతోంది, అది విడగొట్టి చెప్తాను.

మూత్రసంచి క్యాన్సర్లు పదింట తొమ్మిది యూరోథీలియల్ రకం, అంటే సంచి లోపలి పొర కణాల్లో పుట్టేది. గోదావరిఖని పెద్దాయనది అచ్చమైన స్క్వేమస్ సెల్ కార్సినోమా, అది వేరే జబ్బు కింద లెక్క. మీ నాన్నగారి రిపోర్టులో ఉన్నది యూరోథీలియల్ కార్సినోమానే, అందులో కొంత భాగం స్క్వేమస్ రూపంలోకి, అంటే చర్మం పైపొర కణాల్లాగా, మారింది. ఒకే మాట రెండు చోట్లా ఉండటంతో ఇంట్లోవాళ్లే కాదు, కొన్నిసార్లు రిపోర్టు తొందరగా చదివిన డాక్టర్లు కూడా రెంటినీ ఒక గాటన కట్టేస్తారు. అచ్చమైన స్క్వేమస్‌కు, అడినోకార్సినోమాకు (గ్రంథి కణాల్లాంటి, అంటే గ్లాండులర్ రకం) మామూలుగా ఆపరేషన్‌నే ముందు పెడతాం. కానీ యూరోథీలియల్‌లో స్క్వేమస్ గానీ గ్లాండులర్ గానీ కొంత కలిసి ఉన్నంత మాత్రాన సంచిని కాపాడే వైద్యానికి తలుపు మూసుకోదు.

దీనికి ఆధారం ఉంది. అమెరికాలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఈ పద్ధతిని దశాబ్దాలుగా చేస్తోంది. వాళ్లు 303 మంది పేషెంట్ల లెక్కలు 2017లో బయటపెట్టారు, అందులో 66 మందికి ఇలా వేరే రూపం కలిసిన గడ్డలు, వాళ్లలోనూ ఎక్కువమంది స్క్వేమస్, గ్లాండులర్ వాళ్లే. వైద్యం తర్వాత కెమెరాతో చూస్తే గడ్డ పూర్తిగా కరిగిపోయినవాళ్లు మామూలు రకంలో 83 శాతం, వేరే రూపం కలిసినవాళ్లలో 82 శాతం. ఇది ఒక్క ఆసుపత్రి అనుభవం, 66 మంది చిన్న సంఖ్యే, అక్కడికి వచ్చినవాళ్లను ఏరి ఎంచుకున్నారు కూడా. అయినా స్క్వేమస్ అన్న ఒక్క మాటతో కాదనడానికి కారణం లేదని నాకు దీన్ని బట్టి అనిపిస్తుంది.

రూపం కలిసిన గడ్డలన్నీ ఒకటి కావు, ఈ మాట మీరు గట్టిగా పట్టుకోండి. మైక్రోపాపిలరీ అని రాసి ఉంటే అది తొందరగా లింఫు గ్రంథులకు పాకుతుంది, కండరంలోకి దిగకముందే సంచి తీయమని చెప్పే సర్జన్లు ఉన్నారు. ప్లాస్మాసైటాయిడ్ అయితే గడ్డలా ఒకచోట ఉండక పొరల వెంట కడుపులోకి పరుచుకుంటుంది, స్కాన్‌లో ఉన్నదానికంటే ఎక్కువే ఉంటుంది. స్మాల్ సెల్ సంగతి జగిత్యాల అక్క చెప్పారు, కొంచెం స్మాల్ సెల్ కలిసి ఉన్నా సరే దాన్ని స్మాల్ సెల్‌గానే చూసి కీమోతో మొదలుపెడతాం. ఇవన్నీ ఆ ముక్క పరీక్ష రిపోర్టులోనే రాసి ఉంటాయి. అందుకే ఆ అక్క చెప్పినట్టు స్లైడ్లు రెండోసారి చూపించడం నా దృష్టిలో అన్నిటికంటే ముందు పని. చూసేటప్పుడు స్క్వేమస్ ఎంత శాతం, ఇంకేమైనా రూపం కలిసిందా, తీసిన ముక్కలో కండరం వచ్చిందా, ఈ మూడూ రాయమని అడగండి.

సంచిని ఉంచే వైద్యం అంటే ఒక్క కరెంటు పెట్టడమే అని చాలామంది అనుకుంటారు. ముందు గడ్డను లోపల్నుంచి కంటికి కనపడినంతా గీకేయాలి. ఒకసారి తీశాక కొన్ని వారాల్లో మళ్లీ కెమెరా పెట్టి ఉన్నచోటే ఇంకోసారి గీకుతారు, చాలాసార్లు మొదటిసారి మిగిలింది అప్పుడు దొరుకుతుంది. తర్వాత రేడియేషన్, దాంతోపాటే గడ్డ కణాలను రేడియేషన్‌కు మెత్తబరిచే కీమో. బ్రిటన్‌లో 360 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. ఒట్టి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో రెండేళ్లకు 54 శాతం మందికి సంచిలో, చుట్టుపక్కల జబ్బు తిరిగి రాలేదు, మైటోమైసిన్, 5-ఎఫ్‌యూ అనే కీమో మందులు కలిపి ఇచ్చినవాళ్లలో 67 శాతం. అందుకే ఎవరైనా ఒక్క కరెంటు చాలు అంటే ఎందుకు అని అడగండి. సిస్‌ప్లాటిన్ గానీ, తక్కువ మోతాదు జెమ్‌సైటబీన్ గానీ కూడా వాడతాం, కిడ్నీలను బట్టి. సిట్టింగులు 32 అవ్వొచ్చు, 20 అవ్వొచ్చు. 20 సిట్టింగుల్లో 55 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇవ్వడం 32 సిట్టింగుల్లో 64 గ్రే ఇవ్వడానికి తక్కువేమీ కాదని 2021లో రెండు ట్రయళ్ల లెక్కలు కలిపి చూపించారు. పల్లె నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లకు నాలుగు వారాలకూ ఆరున్నర వారాలకూ చాలా తేడా, తప్పకుండా అడగండి.

ఎవరికి ఇది బాగా సరిపోతుందంటే, గడ్డ ఒక్కటే ఉండి, మరీ పెద్దది కాకుండా, పూర్తిగా గీకగలిగి, కిడ్నీ వాయకుండా, సంచి లోపలి పొరంతా క్యాన్సర్ పరుచుకోకుండా, సంచి ఇంకా మూత్రాన్ని బాగా పట్టి ఉంచగలిగేవాళ్లకు. మీరు రాసినదాంట్లో మూడున్నర సెంటీమీటర్లు, ఒకే గడ్డ, కిడ్నీలు వాయలేదు, ఇవి మంచి గుర్తులు. ఆపరేషన్ చేసిన డాక్టర్ తప్పు చెప్పలేదు, సంచి తీయడం ఇవాళ్టికీ నిలబడిన వైద్యమే. కానీ 2023లో ఉత్తర అమెరికాలో మూడు పెద్ద కేంద్రాలు 722 మంది లెక్కలు జత చేసి చూస్తే, సంచి తీసినవాళ్లలో ఐదేళ్లకు వేరే చోటికి పాకకుండా ఉన్నవాళ్లు 74 శాతం, సంచి ఉంచినవాళ్లలో 75 శాతం. ఇది చీటీ వేసి పోల్చిన ట్రయల్ కాదు, అలాంటిది బ్రిటన్‌లో మొదలుపెడితే జనం చేరక ఆపేశారు. ఎవరు మాత్రం తన మూత్రసంచిని చీటీకి వదిలేస్తారు.

నష్టాలు కూడా చెప్పాలి. రేడియేషన్ నడిచేటప్పుడు మంట, మాటిమాటికీ మూత్రం, విరేచనాలు, నీరసం ఉంటాయి, ఎక్కువమందికి ముగిశాక కొన్ని వారాల్లో తగ్గుతాయి. కొద్దిమందికి ఏళ్ల తర్వాత సంచి కుంచించుకుపోవడం, రక్తం పడటం ఉండొచ్చు. గడ్డ కరగకపోయినా, తిరిగి కండరంలోకి వచ్చినా సంచి తీయాల్సిందే. ఆ 2023 లెక్కల్లో అలా తీయాల్సి వచ్చినవాళ్లు 13 శాతం. రేడియేషన్ తర్వాత ఆ ఆపరేషన్ కొంచెం కష్టం, పేగుతో లోపలే కొత్త సంచి కట్టే అవకాశం తగ్గుతుంది. పైగా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి కెమెరా, తర్వాత కూడా జీవితాంతం చూపించుకుంటూనే ఉండాలి. ఎరువుల టైం, కోతల టైం అని వాయిదా వేసే ఇల్లయితే సంచి ఉంచే వైద్యం వద్దనే చెప్తాను.


సిరిసిల్ల_సాంచాలు:

నాదొక చిన్న మాట. మా తమ్ముడికి 39లో వచ్చింది, అడినోకార్సినోమా, సంచికి పైకప్పులో, బొడ్డుకు దగ్గర. యూరేకల్ అన్నారు, మనం కడుపులో ఉన్నప్పుడు బొడ్డుకూ మూత్రసంచికీ మధ్య ఉండే గొట్టం పుట్టేలోపే ఎండిపోతుందట, దాని మిగులులో పుట్టిన క్యాన్సర్. ముందు పెద్దపేగు నుంచి వచ్చిందేమోనని కొలనోస్కోపీ చేసి అది కాదని తేల్చుకున్నారు. తర్వాత సంచి పైభాగం, ఆ గొట్టం, బొడ్డు కలిపి ఒక్క ముక్కగా తీసి, మిగతా సంచిని కుట్టేశారు. బ్యాగు లేదు, కరెంటు లేదు. మొదట్లో మూత్రం తొందరగా వచ్చేది, ఏడాదికి సర్దుకుంది. సంచి కాపాడటం అంటే అందరికీ కరెంటే కాదని చెప్పడానికి రాశాను. బొడ్డు దగ్గర గడ్డ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆ పేరు చెప్పి అడగండి.


పరకాల_పెద్దోడు:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. డాక్టర్ గారూ, స్క్వేమస్ రెండు రకాలని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మూడు సందేహాలు ఉన్నాయి. మా ఊళ్లో ఒకాయన ఆకు పసరు ఇస్తున్నాడు, బాపు నాకు చెప్పకుండా తొమ్మిది రోజులుగా తాగుతున్నాడని నిన్న తెలిసింది. ఇంకోటి, స్లైడ్లు, బోర్డు (డాక్టర్లంతా కలిసి కూర్చుని మాట్లాడేది) అని తిరుగుతుంటే జబ్బు పెరగదా? ఖర్చు సంగతి కూడా. తెల్లకార్డు ఉంది.


హనుమకొండ_రేడియేషన్:

పసరు ఇవాళే ఆపించండి. కోప్పడకుండా చెప్పండి, కోప్పడితే దాచి తాగుతారు. అందులో ఏముందో తెలియదు, కిడ్నీ దెబ్బతింటే సిస్‌ప్లాటిన్ ఇవ్వలేం, ఇవాళ 1.1 ఉన్న క్రియాటినిన్ పెరిగితే మంచి దారి ఒకటి మన చేతులారా మూసేసుకున్నట్టు. ఆపిన వారానికి మళ్లీ రక్త పరీక్ష చేయించండి.

ఆలస్యం గురించి మీ భయం సరైనదే. కండరంలోకి దిగిందని తెలిసిన రోజు నుంచి 12 వారాలు దాటి సంచి తీస్తే ఫలితం తగ్గుతుందని పాత లెక్కలు ఉన్నాయి. రెండు మూడు వారాలు స్లైడ్లకు, రెండోసారి గీకడానికి పోతే నష్టం లేదు, ఆ టైం వృథా కాదు. నెలలు పోనివ్వొద్దు. కిడ్నీలు బాగుంటే ముందు మూడు నాలుగు విడతల కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్‌కో రేడియేషన్‌కో పోవడం గురించి కూడా బోర్డులో అడగండి, స్క్వేమస్ కలిసినవాళ్లకు కూడా ఆ ముందస్తు కీమో పనిచేసినట్టు ఒక పెద్ద అమెరికా ట్రయల్ లెక్కల్లో కనపడింది.

ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఏది ఏ ఆసుపత్రిలో దాని కింద చేస్తారో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి, అన్ని చోట్లా అన్నీ ఉండవు. ప్రభుత్వ ఆసుపత్రే కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.


జగిత్యాల_అక్క:

ఎంఎన్‌జేకు పోతే హనుమకొండ బస్సు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కు, అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగాలి. పొద్దున్నే పో, బాపుకు మూత్రం ఆగదు కాబట్టి ఉప్పల్‌లోనే ఒకసారి పోయించు. కాగితాలన్నీ ఒక్క ఫైలులో తేదీల ప్రకారం పెట్టుకో, స్లైడ్లు గాజువి, చొక్కా మడతల మధ్య పెట్టు. మేనమామ కరెంటు పెడితే మనిషి పాడైపోతాడంటే మా అమ్మ నంబర్ ఇస్తాను, మాట్లాడమను.


పరకాల_పెద్దోడు (ఇరవై ఐదు రోజుల తర్వాత):

చెప్తానన్న మాట ప్రకారం రాస్తున్నా. స్లైడ్లు రెండోచోట చూశారు. యూరోథీలియలే, స్క్వేమస్ సుమారు 20 శాతం, స్మాల్ సెల్ లేదు, మైక్రోపాపిలరీ లేదు, ముక్కలో కండరం ఉంది, అందులోకి దిగింది. మళ్లీ గీకారు, కంటికి కనపడే గడ్డ ఏమీ మిగల్లేదు, ముక్కలో మాత్రం ఒకచోట కొంచెం ఉందని వచ్చింది. పసరు ఆపాక క్రియాటినిన్ 1.0. బోర్డులో సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కూర్చున్నారు, బాపును కూడా లోపలికి పిలిచారు. రెండు దారులూ ఉన్నాయి, మీ ఇష్టం అన్నారు.

నేను చాలా ప్రశ్నలు రాసుకుపోయాను, అడిగింది బాపే, అది కూడా ఒక్కటే. కరెంటు పెట్టినంక మళ్లొస్తే అప్పుడు తీయొచ్చా సార్ అన్నాడు. తీయొచ్చు, కొంచెం కష్టమవుతుంది, మూడు నెలలకోసారి వస్తేనే టైంకు పట్టుకోగలం అని సర్జన్ చెప్పారు. వస్త, తాడు ఎక్కుడు మానినా ఇది మాన అన్నాడు. ఆ మాట మా అవ్వ ముందర మూడుసార్లు చెప్పించాను. గోదావరిఖని పెద్దనాన్న ఫోన్‌లో గంటసేపు మాట్లాడారు, ఆ రోజు తర్వాత బాపు బ్యాగు పేరెత్తితే ముఖం తిప్పుకోవడం మానేశాడు, ఒకవేళ పెట్టాల్సి వస్తే ఎక్కడ పెట్టాలో కూడా లుంగీ మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

20 సిట్టింగులు, మైటోమైసిన్ మొదటి రోజు, 5-ఎఫ్‌యూ మొదటి వారం, నాలుగో వారం. లక్డీకాపూల్ దగ్గర గది చూసుకున్నాం, అవ్వ వస్తోంది వండిపెట్టడానికి. సోమవారం పొద్దున ఎనిమిదికి రమ్మన్నారు, మిషన్ ఎక్కే ముందు ప్రతిరోజూ మూత్రం పోసి రావాలట. మొదటి కెమెరా అయ్యాక మళ్లీ రాస్తాను.